గది వేడి

ఔలు ఊరు, ఫిబ్రవరి.
బయట సున్నాకి ఇరవై రెండు మెట్లు కింద.
పదకొండో మనిషి పేరు తౌనో.
రేవులో క్రేను నడిపేవాడు,
నడుం పట్టేసి ముందే రిటైరయ్యాడు.
చూపుడువేలికి ఒకటి, నడిమివేలికి ఒకటి
జిగురు రాసి బిళ్ళలు అంటిస్తాను.
"షాక్ కొడుతుందా?"
"లేదండీ. వింటుంది, అంతే."

నా పని తక్కువ.
కాగితం మీది ప్రశ్నలు కాగితంలో ఉన్నట్టే అడగాలి.
తల ఊపకూడదు. అయ్యో అనకూడదు.
గోడవతల డాక్టర్ రౌహాలా సూదిని చూసుకుంటుంది.

మీ చిన్నతనానికి ఐదు మాటలు చెప్పండి.
"మంచిది." ఆగాడు.
"మంచిది. మామూలుది.
ఐదూ కావాలా? మంచు. చేపలు."

అమ్మ?
"మంచిది."

ఆమెకి ఎప్పుడైనా దూరంగా ఉన్నారా?
"ఆఁ, యుద్ధంలో. అందర్నీ పంపారు కదా స్వీడన్‌కి.
నాకు ఆరేళ్ళు. మెడలో అట్టముక్క, దానిమీద అంకె.
రైలు. అక్కడ రొట్టె బాగుండేది. వెన్న కూడా.
రెండేళ్ళకి తిరిగొచ్చాను.
అప్పటికి మన మాట మరిచిపోయాను.
స్టేషన్లో అమ్మ ఏదో అంది,
అర్థం కాక నవ్వాను."
ఇప్పుడూ నవ్వాడు.
"ఆ స్వీడిష్ కూడా పోయిందిలెండి,
ఒక్క ముక్క రాదు. అంతే."

సరుకుల చీటీ చదివినట్టు చదివాడు,
గొంతుకి ఎక్కడా గీత పడకుండా.
నేను నమ్మేశాను.

గోడవతల సూది
అట్టముక్క దగ్గర లేచింది,
రైలు దగ్గర ఇంకాస్త లేచింది,
వెన్న దగ్గర దిగలేదు,
"అంతే" అన్నాక
కాగితం అంచు దాటి చెక్క మీద గీసింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోడానికి
ఇతను దొంగ కాదు.
అబద్ధమూ ఆడలేదు.
అబద్ధానికి, నిజం ఎక్కడ పెట్టామో గుర్తుండాలి.
పెట్టెలో ఏముందో అడక్కుండా
ఎత్తి దించడం ఇతని వృత్తి.

సాయంత్రం కాఫీ దగ్గర ఆగలేకపోయాను:
చూశారా, సోఫా పక్కన కూర్చుని
పాతవాళ్ళు ఊహించింది నిజమే!
అడుగున ఇంకొకడున్నాడు!

ఆవిడ కప్పులో చెంచా తిప్పుతూ
"అడుగున అన్నది నీ మాట," అంది.
"సూదికి అడుగూ లేదు, పైనా లేదు.
చెమటకి భయం తెలుసు, కోపం తెలుసు,
గది వేడి కూడా తెలుసు.
ఎక్కడ లేచిందో చెప్పగలను,
ఎందుకు లేచిందో చెప్పలేను.
ఒక్కడి అరచెయ్యి కథ అవుతుంది, సాక్ష్యం కాదు.
రైలెక్కని పిల్లల్ని తీసుకురా, నలభై మందిని.
'మంచిది' అన్నవాళ్ళలో
ఎవరి వేళ్ళు తడిశాయో, ఎవరివి పొడిగా ఉన్నాయో
అప్పుడు మాట్లాడదాం.
అప్పుడు కూడా కాస్త మెల్లగా."

నిజమే. ఆవిడ చెప్పింది నిజమే.
నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలీదు.
కప్పు కడిగేశాను, ఆవిడది కూడా,
ఇంకా సగం కాఫీ ఉండగానే.

ఆవిడకి చెప్పనిది ఒకటుంది.
బిళ్ళలు తీస్తుంటే తౌనో
చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు,
ముందు అరచెయ్యి, తర్వాత వెనక,
మళ్ళీ అరచెయ్యి.
"మీ గది ఉక్కగా ఉంది," అన్నాడు.
గోడ మీద చూశాను. పద్దెనిమిది.
రూలు ప్రకారం రాశాను:
గది ఉష్ణోగ్రత, పద్దెనిమిది.

ఉన్ని చేతితొడుగులు వేసుకున్నాడు,
టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.
తలుపు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా
"తాక్," అన్నాడు.

స్వీడిష్‌లో, థాంక్స్.
ఆరేళ్ళ పిల్లాడు వెన్నరాసిన రొట్టె అందుకుంటూ
అనాల్సిన మాట.

తను అన్నది తను వినలేదు.
మెట్లు దిగిపోయాడు.
బిళ్ళలు నా చేతిలో ఉన్నాయి,
ఇంకా తడిగా.